లైబ్రరీ గొంతు

జిగురక్కను ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు వినడానికి వంగాల్సిందే. ఇరవయ్యారేళ్ళుగా ఆమె ఆ ఊరి లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేస్తోంది. చేరిన మొదటి రోజున అప్పటి పెద్ద సారు గోడ మీది "నిశ్శబ్దం పాటించండి" అన్న బోర్డు చూపించి, "ఇది పాఠకులకే కాదమ్మా, మనకీ" అన్నాడట. ఆ రోజు కిందికి దిగిన గొంతు మళ్ళీ పైకి రాలేదు. ఒకసారి కూరగాయల కొట్టులో అరకిలో టమాటాలు అడిగితే, కొట్టువాడు అదేదో రహస్యమనుకుని తను కూడా ముందుకు వంగి, "నేనెవరికీ చెప్పనులెండి" అన్నాడు.

అలాంటి మనిషికి దొరికిన మొగుడు మైకు సెట్లు అద్దెకిచ్చే ఆయన. పొద్దున్నే పళ్ళు తోముకుంటూ "మంచినీళ్ళు" అన్నా నాలుగిళ్ళవతల ఎవరో ఒకరు గ్లాసు పట్టుకుని లేస్తారు. ఆ ఇంట్లో ఒకరి మాట వీధంతా వింటుంది, రెండో వారి మాట పక్కన కూర్చున్నవారికి కూడా వినపడదు. పొరుగువాళ్ళు ఆ ఇంటి సంభాషణల్లో సగం విని మిగతా సగం సొంతంగా కల్పించుకుంటారు. కల్పించుకున్న సగమే రక్తి కడుతుందని వాళ్ళలో వాళ్ళు ఒప్పుకున్నారు కూడా.

జిగురక్క బల్ల లైబ్రరీ వరండా చివర ఉంటుంది. పక్కన స్టౌ మీద మైదా జిగురు, అందులో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం. బల్ల మీద దబ్బనం, నూలుదారం, కత్తి, నీలం కాలికో గుడ్డ. కుట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకమూ చదువుతూ కూర్చుంటే ఏడాదికి పది కూడా తెమలవు గనక, ఆమె తనకో నియమం పెట్టుకుంది. ఊడిన పేజీ చదవచ్చు, ఊడని పేజీ జోలికి పోకూడదు. అందువల్ల ఆమెకు వంద నవలల్లో పెళ్ళిళ్ళు తెలుసు గాని, ఎవరు ఎవరిని ఎందుకు చేసుకున్నారో తెలియదు. హత్యలు తెలుసు, హంతకులు తెలియరు. ఈ నియమం సంగతి లైబ్రరీలో అందరికీ తెలుసు, అందరూ ఆటపట్టిస్తారు.

ఇంకో నియమం కూడా ఉంది. పుస్తకంలో పేజీలు పోతే, ఆ చోట అదే కొలతకు కోసిన తెల్ల కాగితాలు పెట్టి, మూల మీద పెన్సిలుతో పేజీ అంకె వేస్తుంది. పోయిన మనిషి కుర్చీ ఖాళీగా ఉంచినట్టు. ఎప్పుడైనా ఇంకో ప్రతి దొరికితే ఎవరో ఒకరు చూసి రాస్తారని ఆమె ఆశ. ఇరవయ్యారేళ్ళలో ఒక్కరూ రాయలేదనుకోండి, అది వేరే విషయం.

ఇక అసలు సంగతికి వస్తాను. మూడేళ్ళ కిందట ఒక మంగళవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు ఆమె ఏదో పుస్తకం కోసం వెనక గదిలోకి వెళ్ళింది. అది పాత పుస్తకాలు దాచే గది. అందులో ఒక ఇనప ర్యాకు ఉంది. దాని కాళ్ళు తుప్పు పట్టాయని ఆమే రెండుసార్లు అర్జీ పెట్టుకుంది. పై అర కోసం చెయ్యి చాచగానే ర్యాకు ముందుకు ఒరిగి, ఎదుటి గోడకు ఆనుకుని ఆగింది. గోడకూ ర్యాకుకూ మధ్య మిగిలిన సందులో జిగురక్క ఉంది, ఆమె చుట్టూ మెడదాకా పుస్తకాలున్నాయి. తలుపు దానంతటదే మూసుకుంది. వైరు తెగి బల్బు ఆరిపోయింది. నెత్తిన పడిన మొదటి పుస్తకం పేరు "ఏమీ కాదు, ధైర్యంగా ఉండండి". అయిదు వందల పేజీలు, గట్టి అట్ట. ఆ అట్ట వేసింది ఆమే.

అప్పుడు ఎవరైనా ఏం చేస్తారు? అరుస్తారు. జిగురక్క కూడా అరిచింది, కాని లైబ్రరీలో అరవాల్సినట్టు అరిచింది. "ఏవండీ, ఎవరైనా ఉన్నారా, వీలుంటే కొంచెం ఇటు వస్తారా" అని. బయట హాల్లో పదిహేను మంది చదువుకుంటున్నారు. పేజీలు తిప్పే చప్పుడు ఆమెకు వినిపిస్తూనే ఉంది. ఆ పదిహేనులో ఒకరి చెవిన ఆమె మాట పడింది కూడా. ఆ ఒక్కరూ తలుపు వైపు తిరిగి, "ష్" అన్నారు.

జిగురక్క "క్షమించండి" అంది. అని ఊరుకుంది.

నాకు ఇక్కడ ఒళ్ళు మండుతుంది. కాని జరిగింది అదే. రెండుంపావు గంటల తర్వాత ఊడ్చే ఆమె చీపురుతో వచ్చి కెవ్వుమనేదాకా జిగురక్క మళ్ళీ నోరు మెదపలేదు. పుస్తకాలు తీసి ఆమెను బయటికి లాగినప్పుడు అందరూ ఎప్పుడు పడిందని అడిగారు. "ఇప్పుడే" అంది. ఒంటి మీద గీత కూడా పడలేదు. అదృష్టవంతురాలివన్నారు, టీ తాగించారు, ర్యాకు నిలబెట్టి కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు. అక్కడితో ఆ కథ అయిపోయిందనుకున్నారు.

అయిపోలేదు. ఆ గది తలుపు మీద చెయ్యి వేస్తే చాలు, జిగురక్కకు నాలుక పిడచకట్టుకుపోయి మోకాళ్ళు వణికేవి. అందరికీ మోకాళ్ళ నొప్పులని చెప్పింది. వణికేవి మోకాళ్ళే గనక అది పూర్తి అబద్ధం కూడా కాదు. లోపలి పుస్తకాలు ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఇంట్లో బాత్రూం తలుపు గడియ వేసుకోవడం మానేసింది. మొగుడు ఎందుకని అడగలేదు. ఆమె లోపలున్నంతసేపూ బయట పేపరు పట్టుకుని నిలబడి, ధరలు, వానలు, క్రికెట్టు, అన్నీ బిగ్గరగా చదివేవాడు. బయట మనిషి ఉన్నట్టు ఆమెకు తెలిసేది. వీధి మొత్తానికి వార్తలు కూడా తెలిసేవి. మూడేళ్ళలో ఆ వీధిలో నలుగురు పేపరు మాన్పించేశారు.

రెండో ఏడు కొత్త లైబ్రేరియను వచ్చాడు. ఆయన ఎక్కడో మూడు నెలల శిక్షణ పొందాడు. మనసుకు తగిలిన దెబ్బలు పుస్తకాలతో ఎలా మాన్పాలి అన్నది అక్కడ నేర్పిన విద్య. వస్తూనే వెనక గదిలోంచి ఆ బాపతు పుస్తకాలన్నీ ముందుకు తెప్పించాడు. ఎవరు లోపలికి అడుగుపెట్టినా ఎదురెళ్ళి, మొహంలోకి చూసి, చీటీ మీద మందు రాసినట్టు పుస్తకం పేరు రాసిచ్చేవాడు. "రోజుకి పది పేజీలు. భోజనం తర్వాత. ఏడుపొస్తే ఆపద్దు." వెనకాల అందరూ ఆయన్ని డాక్టరనేవాళ్ళు. అది తెలిసి ఆయన నొచ్చుకోలేదు సరిగదా, తెల్ల కోటులాంటి చొక్కా ఒకటి కుట్టించుకున్నాడు. వారపత్రిక కోసం వచ్చిన ఒకాయనకు చిన్ననాటి గాయాల పుస్తకం రాసిస్తే, ఆయన నెల తిరక్కుండా వాళ్ళ అన్నయ్యకు ఫోను చేసి, పదో ఏట లాక్కున్న గాలిపటం సంగతి తేల్చమన్నాడు. ఆ అన్నయ్య అటువైపు వెక్కి వెక్కి ఏడ్చాడట. ఈయన విద్య బొత్తిగా ఉత్తిది కాదని ఒప్పుకోవాలి.

"మీకేమైనా రాయమంటారా, జిగురక్కా" అని ఒకసారి అడిగాడు.

"మోకాళ్ళు సార్" అంది.

"మోకాళ్ళకి పుస్తకం లేదక్కా" అని జాలిగా చూసి వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరి మొహాల్లో బాధ చదివే మనిషికి పది అడుగుల దూరంలో ఉన్న మొహం అంతుపట్టలేదు.

ఆ పుస్తకాలు తిరిగొచ్చే తీరు చూడాలి. కొందరు గుండెలకు హత్తుకుని పడుకునేవాళ్ళు, కొందరు గోడకేసి కొట్టేవాళ్ళు. గాయాలు మాన్పే పుస్తకాలకు తగిలినన్ని గాయాలు ఇంకే పుస్తకానికీ తగలవు. జిగురక్క బల్ల మీద అవి గుట్టగా పడేవి. పేజీలు ఊడి ఉండేవి గనక, నియమం ప్రకారం ఆమె చదివేది. చదివి, గుట్టుచప్పుడు కాకుండా పాటించి చూసేది.

ఒక పేజీ, నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఏడు లెక్కపెట్టేదాకా బిగబట్టి, ఎనిమిది లెక్కపెడుతూ వదలమంది. కుడుతూ కుడుతూ లెక్కపెట్టడంతో ఏడు కుట్లు పడాల్సిన పుస్తకానికి పంతొమ్మిది పడ్డాయి. ఆ పుస్తకం ఇప్పటికీ తెరుచుకోదు. దాని పేరు "మనసు తెరవండి".

ఇంకో పేజీ, మీ లోపల ఒక చిన్నపిల్ల ఉంది, ఆ పిల్లను పిలిచి ఏం కావాలో అడగండి అంది. జిగురక్క ఇంట్లో గిన్నెలు తోముతూ అడిగింది. ఏడేళ్ళ పిల్ల పలికింది. పుల్ల ఐసు కావాలంది.

"ఎవరితోనే, పెదాలు కదుపుతున్నావు?" అని వంటింటి గుమ్మంలోంచి మొగుడు కేకేశాడు.

"ఎవరూ లేరండీ. చిన్నపిల్ల."

"ఎవరి పిల్ల?"

"నేనే. పుల్ల ఐసు కావాలంటోంది."

ఆయన "అయితే నాక్కూడా ఒకటి తీసుకురా" అన్నాడు.

రెండు తెచ్చింది. దార్లో రెండూ తనే తినేసింది. దాంతో నాలుగు రోజులు గొంతు పూర్తిగా పడిపోయింది. లైబ్రరీలో ఎవరికీ తేడా తెలియలేదు.

ఇలా ఉండగా ఒక రోజు డాక్టరు ఉత్సాహంగా బల్ల దగ్గరికి వచ్చాడు. "జిగురక్కా, వరండాలో సలహా గది పెడుతున్నాను. బాధల్లో ఉన్నవాళ్ళు వచ్చి కూర్చుని మనసు విప్పుకోవాలి. ఒకటో తారీఖు నుంచి మీ బల్ల వెనక గదిలోకి మారుస్తాం. తలుపేసుకుంటే మిమ్మల్ని ఎవరూ విసిగించరు."

జిగురక్క దబ్బనం బల్ల మీద పెట్టింది. "మోకాళ్ళు సార్" అంది.

"అక్కడ మెట్లు లేవు కదక్కా" అన్నాడాయన. మళ్ళీ ఆయనే మెత్తగా, "ఓపిక లేకపోతే చెప్పండి. పుస్తకాలు బయట బైండింగు షాపుకి ఇచ్చేద్దాం. మీరు హాయిగా ఇంట్లో విశ్రాంతి తీసుకోండి" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కాని జిగురక్కకు ఆ బల్ల కాకుండా ఇంకో లోకం లేదు. ఆ చేతులకు దబ్బనం లేకపోతే ఏం చెయ్యాలో తెలియదు. గదిలోకి వెళ్ళలేదు, బల్ల వదులుకోలేదు, ఈ రెండూ ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నెల తిరగడానికి ఇరవై రోజులున్నాయి.

ఆ వారమే ఆమె దగ్గరికి "గాయానికి గాలి తగలనివ్వండి" అనే పుస్తకం వచ్చింది. అందులో నూట పన్నెండో పేజీ ఊడింది. నూట పదమూడు నుంచి నూట పదహారు దాకా, అంటే రెండు కాగితాలు, అసలే లేవు. తెల్ల కాగితాలు రెండు కోసి, నాలుగు పేజీలకూ అంకెలు వేసి, అలవాటు ప్రకారం ఊడిన పేజీ చదివింది. చివర ఇలా ఉంది: "మిమ్మల్ని బాధపెట్టిన వారికి ఒక ఉత్తరం రాయండి. పంపనక్కర్లేదు. మొహమాటపడకండి. నమూనా పక్క పేజీలో చూడండి." నమూనాను ఎవరో మహానుభావుడు ఎత్తుకుపోయాడు. అందుకని జిగురక్క నమూనా లేకుండానే, చేతికందిన ఆ తెల్ల కాగితాల మీదే రాయడం మొదలుపెట్టింది.

"ఇనప ర్యాకు గారికి నమస్కారాలు. మీరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. మీరు పడటం మీ తప్పు కాదు, మీ కాళ్ళ సంగతి నాకు ముందే తెలుసు. మీ మీద నాకు కోపం లేదు. నా కోపం నా మీదే. రెండుంపావు గంటలు మీ కింద ఉన్నాను. బయట అందరూ ఉన్నారు. పిలిచాను. ఎవరో ష్ అన్నారు. నేను క్షమించండి అన్నాను. ఊపిరి ఆడక పోతానేమో అని భయం వేసింది, అయినా మళ్ళీ పిలవలేదు. ప్రాణం పోతున్నా మర్యాద పోకూడదనుకునే మనిషిని ఏమనాలో మీరే చెప్పండి. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. నవ్వుతాడని కాదు. ఏడుస్తాడని. ఆయన ఏడిస్తే ఊరంతా వినాలి. ఒకటో తారీఖున నన్ను మళ్ళీ మీ దగ్గరికి పంపిస్తున్నారు. నేను రాలేనని చెప్పడానికైనా ఒక గొంతు ఉండాలి కదా. ఆ గొంతు నాకు" 

అక్కడిదాకా రాసేసరికి డాక్టరు బూట్ల చప్పుడు వినిపించింది. కాగితాలు పుస్తకంలోకి తోసేసింది. మర్నాడు పొద్దున స్టౌ మీద జిగురు ఉడుకుతోంది, పక్కన పద్దెనిమిది పుస్తకాల గుట్ట ఉంది. నూట పన్నెండు తర్వాత నూట పదమూడు ఉందా? ఉంది. ఇరవయ్యారేళ్ళ చెయ్యి అంకె చూసింది, అక్షరం చూడలేదు. అది ఊడిన పేజీ కాదు గనక చదవలేదు కూడా. కుట్టి, అట్ట వేసి, బరువు కింద పెట్టింది. సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం కలుపుకుంటుండగా గుర్తొచ్చి, పై ప్రాణాలు పైనే పోయాయి. పొద్దున పరుగెత్తుకొచ్చేసరికి డాక్టరు ఆ పుస్తకం ఒక లెక్కల టీచరుకు రాసిచ్చేశాడు.

వారం తిరక్కుండా లెక్కల టీచరు కళ్ళు తుడుచుకుంటూ తిరిగొచ్చింది. అన్నిటికన్నా ఆ ఉత్తరమే గొప్పగా ఉందంది. డాక్టరు చదివి పొంగిపోయాడు. "చూశారా, రచయిత తన చేత్తో రాసిన నమూనా. ప్రతి ప్రతిలోనూ చేతిరాతే పెట్టారంటే ఎంత శ్రద్ధో ఆలోచించండి. ఇప్పుడు విదేశాల్లో ఇదే పద్ధతి" అన్నాడు. ఇక జనం ఆ పుస్తకం కోసం ఎగబడ్డారు. వరుసలో పంతొమ్మిది పేర్లు చేరాయి. ఇరవయ్యో పేరు జిగురక్కది. తను కుట్టిన పుస్తకం తను దొంగిలించడానికి కూడా వీల్లేకుండా అది ఇంటింటికీ తిరిగింది.

ర్యాకు అంటే ఎవరన్న దాని మీద హాల్లో పెద్ద చర్చ. భర్త అంది ఒకామె. అత్తగారని ఇంకొకామె ఖండించింది. ప్రభుత్వమని ఒక రిటైరైన గుమాస్తా తేల్చాడు. డాక్టరు అందరినీ కూర్చోబెట్టి, "ర్యాకు ఒక ప్రతీక. కాళ్ళు తుప్పు పట్టడం అంటే విలువలు సడలడం" అని ముప్పావు గంట మాట్లాడాడు. జిగురక్క వరండాలో జిగురు కలుపుతూ అంతా వింది. ఆమె ఎదుటే జనం ఆమె భయాన్ని పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంటున్నారు, ఆమెను మాత్రం "కొంచెం జరగండక్కా" అని దాటుకుని వెళ్తున్నారు. ఆమెకు నవ్వొచ్చింది. వెనకే ఏడుపు కూడా వచ్చింది.

నెలాఖరు రోజున, పుస్తకం వరుసలో ఏడో మనిషి వరండాలోకి వచ్చాడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరైన పెద్దాయన. ముప్పయ్యయిదేళ్ళు బస్సులో అరిచి అరిచి, మిగిలిన జీవితంలో చీమ చిటుక్కుమన్నా సహించనని లైబ్రరీలో మూడో కుర్చీ పట్టుకున్నాడు. పేజీ గట్టిగా తిప్పినా ఊరుకోడు గనక ఆయన్ని నిశ్శబ్దం తాతయ్య అంటారు. ఆయన పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"ఇందులో పేజీలు ఊడాయమ్మా."

జిగురక్క తెరిచి చూసింది. రెండు కాగితాలు నూలు తెంపి నీటుగా విడదీసి ఉన్నాయి. జీవితమంతా టికెట్లు చించిన చేతి పని అది.

"నువ్వు ఊడిన పేజీయే చదువుతావు కదా. అందుకని ఊడదీశాను. చివర చూడు."

నూట పదహారో పేజీలో ఆమె ఉత్తరం ఆగిపోయిన చోట, కింద పెన్సిలు అక్షరాలున్నాయి. "ష్ అన్నది నేను. మూడో కుర్చీ."

జిగురక్క ఆ పెన్సిలు అక్షరాల మీద వేలు పెట్టింది.

"డాక్టరేదో ప్రతీక అంటున్నాడు" అన్నాడు పెద్దాయన. "ఆ రోజు నిన్ను బయటికి తీసినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఇప్పుడే పడిందన్నావు. నాకనుమానం రాలేదు. నిన్న ఈ పేజీ చదివాక అర్థమైంది. ఆ తలుపు అవతల నుంచి క్షమించండి అన్నది ఎవరో." ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. "బస్సు చివరి సీటులోంచి ముసలమ్మ 'ఆపు నాయనా' అని గొణిగినా వినిపించేదమ్మా నాకు. ఒక్కరినీ స్టాపు దాటించలేదు. నువ్వు పిలిస్తే మాత్రం విని కూడా..." ఆయన పుస్తకం ఆమె వైపు తోశాడు. "నన్ను తిట్టు. గట్టిగా తిట్టు."

"పరవాలేదులెండి బాబాయిగారూ" అంది జిగురక్క. ఆయన వంగితే గాని వినపడలేదు.

"చూశావా. మళ్ళీ అదే." పెద్దాయన ముక్కు తుడుచుకున్నాడు. "మా బస్సులో ఒక పద్ధతుండేది. వెనక నుంచి నేను 'రైట్' అన్నది డ్రైవరుకి వినిపిస్తేనే బండి కదిలేది. సగం వినిపించినా కదిలేది కాదు. రేపు నువ్వు ఆ గదిలోకి వెళ్ళు. నేను నా కుర్చీలోనే కూర్చుంటాను. నువ్వు పిలువు. వినపడితేనే వస్తాను. సరిగ్గా వినపడకపోతే మాత్రం రాను, ముందే చెప్తున్నా."

ఆ సాయంత్రం జిగురక్క ఆ రెండు కాగితాలూ ఇంటికి పట్టుకెళ్ళి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన ఏది చదివినా పైకే చదువుతాడు. మొదటి రెండు వాక్యాలు వీధంతా విన్నది. మూడో వాక్యం నుంచి గొంతు తగ్గింది. ఆ తర్వాత అసలు వినపడలేదు. ఎదురింటివాళ్ళు కరెంటు పోయిందేమోనని బయటికొచ్చి చూశారు.

"బాత్రూం దగ్గర నన్ను నిలబెట్టేది దీనికేనా?" అన్నాడు.

"అవునండీ. కాని నేను నిలబెట్టలేదు, మీరే నిలబడ్డారు."

"పేపరు బాగానే చదువుతున్నానా?"

"బాగా చదువుతున్నారు."

ఆయన కళ్ళు తుడుచుకుని లేచాడు. "రేపు రెండు హారన్లు, ఒక మైకూ తెచ్చి ఆ గదికి కట్టేస్తాను. నువ్వు ఊపిరి పీల్చినా ఊరంతా వినాలి."

"వద్దండీ" అంది. "నా గొంతుతోనే పిలవాలి."

ఒకటో తారీఖున బల్లను వెనక గదిలోకి మోశారు. వరండాలో డాక్టరు తెల్ల చొక్కా వేసుకుని, మనసు విప్పుకునే మొదటి మనిషి కోసం కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్నాడు. నిశ్శబ్దం తాతయ్య మూడో కుర్చీలో పేపరు కూడా లేకుండా కూర్చున్నాడు. జిగురక్క గది దాకా వెళ్ళి, ఆగి, మళ్ళీ నడిచి, లోపలికి పోయి, తలుపు తనే వేసుకుంది.

ర్యాకు ఎదురుగా ఇటుకల మీద నిలబడి ఉంది. ఆమె దానికి నమస్కారం పెట్టింది. ఉత్తరంలో పెట్టింది కదా, ఎదురుపడినప్పుడు పెట్టకపోతే బాగుండదు. మోకాళ్ళు వాటి పని అవి మొదలుపెట్టాయి.

"బాబాయిగారూ" అంది.

బయట పేజీలు తిరుగుతున్నాయి.

"వీలుంటే కొంచెం ఇటు వస్తారా" అంది.

"వినపడలేదు" అని హాల్లోంచి కేక వచ్చింది. నిశ్శబ్దం తాతయ్య అరిచేసరికి చదువుకునేవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు.

జిగురక్క ఊపిరి నాలుగు లెక్కపెట్టి పీల్చింది, ఏడు దాకా బిగబట్టింది, ఎనిమిదికి వదిలింది. "రండి" అంది.

"ఊహూ. వినపడలేదు."

ఆమెకు గోడ దగ్గరికి జరుగుతున్నట్టు అనిపించింది. కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. ఇక తలుపు తీసుకుని వెళ్ళిపోదామనుకుంది. వెళ్ళిపోతే బల్ల పోతుంది, గొంతు కూడా అక్కడితో సరి. అప్పుడు లోపలి పిల్ల గుర్తొచ్చింది, ఆ పుల్ల ఐసు పిల్ల. ఏడేళ్ళది. ఆ పిల్ల ఎప్పుడూ లైబ్రరీకి రాలేదు. దానికి ఎవరూ బోర్డు చూపించలేదు. ఐసు బండి సందు మలుపు తిరిగిపోతుంటే వీధి చివర దాకా వినిపించేలా పిలిచేది ఆ పిల్ల.

"నేనిక్కడున్నాను! ఎవరైనా రండి!"

కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పై అర మీద నుంచి పుస్తకం ఒకటి ధబ్బున కిందపడింది. వరండాలో డాక్టరు తన విద్యంతా మరిచిపోయి, ఉద్యోగం అలవాటు కొద్దీ, "ష్" అన్నాడు.

"నువ్వు నోరు ముయ్యవయ్యా డాక్టరూ" అన్నాడు నిశ్శబ్దం తాతయ్య, అప్పటికే లేచి పరుగు తీస్తూ. "మనిషి పిలుస్తోంది."

ఆయన వెనక లెక్కల టీచరు లేచింది, గుమాస్తా లేచాడు, గాలిపటం ఆయన లేచాడు, ర్యాకును అత్తగారన్న ఆమె లేచింది. హాల్లో ఉన్న ఇరవై రెండు మందీ కుర్చీలు తన్నుకుంటూ, పేజీ తప్పకుండా పుస్తకాల్లో వేళ్ళు పెట్టుకుని మరీ పరుగెత్తుకొచ్చారు. తలుపు తోసుకుని అందరూ ఒకేసారి దూరబోయి గుమ్మంలో ఇరుక్కున్నారు. గేటు బయట రోడ్డు మీద, ఎందుకైనా మంచిదని రెండు హారన్లూ ఒక మైకూ బండి మీద వేసుకుని పొద్దుట్నుంచీ నిలబడ్డ మొగుడికి ఆ కేక అక్కడికే వినిపించింది. ఆయన మైకు స్విచ్చి ఆపేసి, అక్కడే రోడ్డు మీద కూలబడి ఏడ్చాడు. ఊరంతా విన్నది.

గుమ్మంలో అందరికన్నా వెనక డాక్టరు నిలబడి, ఇటుకల మీది ర్యాకునూ, దాని తుప్పు కాళ్ళనూ, జిగురక్కనూ మార్చి మార్చి చూశాడు. ప్రతీక అన్న మాట ఆయన నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"ఏమైందమ్మా, ఏం పడింది?" అని అందరూ ఒక్కసారే అడిగారు.

జిగురక్క వాళ్ళందరినీ చూసింది. ఇరవై రెండు మొహాలు, రొప్పుతున్నాయి. అంతమందిని చదువు మధ్యలో లేపినందుకు, ఇరవయ్యారేళ్ళ అలవాటు కొద్దీ, క్షమించండి అనబోయింది. అనలేదు.

"వచ్చారు" అంది, వెనక నిలబడ్డవాళ్ళకు కూడా వినిపించేలా.